అమృతరాజు రెండో బెంచీ

మా చర్చిలో బెంచీల మీద ఎవరి పేర్లూ రాసి ఉండవు. రాయాల్సిన అవసరం లేదు. మగవాళ్ల వైపు మొదటి బెంచీ సంఘ పెద్దలది, రెండోది అమృతరాజుది, మూడోది నాది. కోలారు బంగారు గని నడిచే కాలంలో మా నాయనలు ఎక్కడ కూర్చున్నారో మేమూ అక్కడే కూర్చుంటాం. ఎవరైనా బెంచీ మారారంటే పాస్టరుగారితో తగాదా పడి ఉండాలి, లేదా వేరే సంఘానికి పోయే ఆలోచనలో ఉండాలి. మారికుప్పంలో పుట్టిన ప్రతి క్రైస్తవుడికీ ఇది తెలుసు. అందుకే ఒక ఆదివారం అమృతరాజు రెండో బెంచీ వదిలేసి, తలుపు పక్కన, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా ఉన్న ఆఖరి బెంచీలో కూర్చునేసరికి ఆ రోజు ప్రసంగం ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆరాధన ముగిసి బయటికి రాగానే పిల్లమ్మ గొడుగు విప్పుతూ తీర్పు చెప్పేసింది.

"పాస్టరు మీద అలిగినాడప్పా. పోయిన నెల కమిటీలో ఏందో మాటొచ్చింది."

"అలగడం గాదక్కా, తాగుడు మొదలుపెట్టినాడంట. వాసన తగలకుండా దూరంగా కూసున్నాడు" అన్నాడు ఇంకొకాయన.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ నా నోటికి ఆ అలవాటు లేదు. "మీకు తెలీదా? బిషప్పుగారి దగ్గర్నుంచి రహస్యంగా జాబు వచ్చింది. ప్రసంగం మధ్యలో ఎవరు జారుకుంటున్నారో చూసి రాసి పంపమని ఆయన్ను తలుపు దగ్గర పెట్టినారు" అన్నాను. ఆ తర్వాత మూడు ఆదివారాలు ముగింపు ప్రార్థన దాకా ఒక్కరూ కదల్లేదు. తన ప్రసంగాల్లో బలం పెరిగిందని పాస్టరుగారు మురిసిపోయారు.

అమృతరాజు తలుపు దగ్గరికి ఎందుకు మారాడో ఆ సంఘంలో తెలిసిన మగవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసీ ఆ కథ చెప్పాను.

*

అమృతరాజుకు డెబ్బై మూడేళ్లు. నాకంటే ఏడాది చిన్న. నన్ను కాన్వెంటులో వేశారు, అతన్ని గని వాళ్ల తెలుగు బడిలో వేశారు. నేను ఇంగ్లీషు పద్యాలు వల్లించి ఆఫీసులో టైమ్‌కీపరునయ్యాను. అతను వైండింగ్ ఇంజిన్ డ్రైవరయ్యాడు. మనుషుల్ని ఎక్కించిన కేజిని, అంటే ఇనుప బోనును, తాడు మీద వేల అడుగుల లోతుకు దించి, మళ్లీ పైకి లాగే యంత్రం దగ్గర లివరు పట్టుకుని కూర్చునేవాడే వైండింగ్ డ్రైవరు. కింద ఏం జరుగుతోందో అతనికి కనిపించదు. గంట మాత్రం వినిపిస్తుంది. మూడు కొడితే మనుషులు ఎక్కుతున్నారు, రెండు కొడితే దించు, ఒకటి కొడితే ఆపు. అమృతరాజు కేజిని ఎంత మెత్తగా నేలకు ఆనించేవాడంటే, ఒకసారి కేజి కింద కోడిగుడ్డు పెడితే అది పగల్లేదు. మూడు వారాలకు పిల్ల కూడా అయింది. ఇందులో మొదటి సగం నిజమే కావచ్చు.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉండేది. షిఫ్టు ఎనిమిది గంటలు. తాడు మీద ప్రాణాలున్నంతసేపు డ్రైవరు సీటు దిగకూడదు. ఒంటికి పోవాలంటే బదిలీ డ్రైవరును పిలిపించుకోవచ్చు. కానీ బదిలీ డ్రైవరును పిలిచినవాణ్ణి మిగతా డ్రైవర్లు చిన్నచూపు చూసేవాళ్లు. అమృతరాజు ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్కసారీ పిలవలేదు. షిఫ్టుకు ముందు నీళ్లు తాగడు, షిఫ్టులో తాగడు, అయ్యాక ఇంటికొచ్చి చెంబెడు గటగటా తాగుతాడు. అది అతనికి సర్టిఫికెట్టు. 2001లో గని మూసేశాక పన్నెండేళ్లు పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి ఒక ఎనిమిదంతస్తుల భవనంలో లిఫ్టు నడిపాడు. అక్కడా స్టూలు దిగలేదు. "పాతాళానికి దించినోణ్ణి, ఎనిమిదో మాడీకి ఎక్కించలేనా?" అనేవాడు.

అలాంటి మనిషికి డెబ్బై దాటాక ఒంటికి పోవడం కష్టమైంది. వస్తుందనిపిస్తుంది, పోయి నిలబడితే రాదు. వచ్చినా సన్నగా, ఆగి ఆగి, చివరికి బొట్లు బొట్లుగా. తిరిగొచ్చి కూర్చోగానే ఇంకా మిగిలి ఉందనిపిస్తుంది. ఒకోసారి తలుపు దాకా పోయేంత వ్యవధి కూడా ఇవ్వదు. రాత్రికి నాలుగైదు సార్లు లేవాలి. అమృతరాజు దీన్ని రోగమనుకోలేదు. క్రమశిక్షణ తప్పడమనుకున్నాడు. ఒళ్లు మాట వినకపోతే దాన్ని దారిలో పెట్టాలి గదా! అందుకని పొద్దున ఒక లోటా, మాపుకు ఒక లోటా తప్ప నీళ్లు మానేశాడు. వచ్చినప్పుడు పోకుండా గడియారం చూసుకుని అరగంట, ముక్కాలు గంట బిగబట్టి ప్రాక్టీసు చేశాడు. ఎవరికీ చెప్పలేదు. మార్తాకు మాత్రం తెలుసు. భార్యలకు తెలియకుండా ఏముంటుంది?

నాకెలా తెలిసిందంటే, ఆవనిలో, గనిలో మాతో పనిచేసిన నంజుండప్ప మనవడి పెళ్లికి ఇద్దరం కలిసి బస్సులో పోయాం. ముళబాగిలు చేరేలోపల అమృతరాజు రెండుసార్లు బస్సు ఆపించాడు. రెండోసారి కానుగ చెట్టు చాటుకు పోయినవాడు ఎంతకీ రాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఎట్టకేలకు వస్తే కండక్టరు అందరూ వినేలా అన్నాడు: "ఏం పెద్దాయనా, బోరు దింపి నీళ్లు పడినాక వచ్చినావా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. అమృతరాజు నా పక్కన కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. "రేయ్, నాకూ ఇదే వచ్చిందిరా. నయమైపోయింది" అని. నాలుగు ముక్కలు. నోటిదాకా వచ్చింది. కానీ మధ్యలో ఒక చిరుతపులి అడ్డం నిలబడింది.

ఆ చిరుత సంగతి చెప్పాలి. అంతకు రెండేళ్ల ముందు నేను ఐదు రోజులు ఊళ్లో లేను. తిరిగొచ్చాక అందరూ అడిగితే, రాయల్పాడులో బంధువుల మామిడితోపుకు కాపలా పోయానన్నాను. తోపులోకి చిరుత వచ్చిందన్నాను. నేను మంచె మీద, అది మంచె కింద. మూడు రాత్రులు చూసుకుంటూ కూర్చున్నాం. చివరికి నేను ఒక బేనీషా మామిడిపండు కోసి కింద పడేస్తే అది వాసన చూసి, టెంక మాత్రం మర్యాదగా వదిలిపెట్టి, వెళ్లిపోయింది. ఈ కథ మా వీధిలో ఎంత ఆడిందంటే పెళ్లిళ్లలో, దినాల్లో, క్రిస్మస్ కేరల్స్‌లో కూడా చెప్పమని అడిగేవాళ్లు. నేను కుంటుతూ నడవడానికి కారణం మంచె మీంచి దూకడమే అని కూడా కలిపాను.

అసలు సంగతి ఏమిటంటే, ఆ ఐదు రోజులూ నేను కోలారు పక్కన తమకలోని పెద్దాసుపత్రిలో ఉన్నాను. మామిడితోపు లేదు, మంచె లేదు. మంచం, దానికి వేలాడే మూత్రం సంచి ఉన్నాయి. ఇది తెలిసినవాళ్లు నా భార్య సలోమి, డాక్టరు, పైనున్న దేవుడు. ముగ్గురూ నోరు మెదపలేదు.

*

గుడ్ ఫ్రైడేకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలం మొదలవక ముందే పాస్టరుగారు ఆ రోజుకు ఏడు మాటలు పంచారు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, శిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఎవరూ మధ్యలో లేవరు. అమృతరాజుకు ఐదో మాట వచ్చింది. 'దప్పిగొనుచున్నాను' అన్న దాహం మాట. పదిహేనేళ్లుగా ఎదురుచూస్తున్నాడు ఒక మాట కోసం. ఎండాకాలంలో రెండు లోటాల నీళ్లతో బతుకుతున్నవాడికి దాహం మీద మాట్లాడమని వచ్చింది.

"వద్దులే పాస్టర్, ఇంకెవరికైనా ఇయ్యండి" అన్నాడట. అలక ఖాయమని పిల్లమ్మ లెక్క వేసింది. పాస్టరుగారు బతిమాలితే మళ్లీ సరేనన్నాడు. కానీ మూడు గంటలు మొదటి వరసల్లో ఎలా కూర్చోవాలో అతనికి తెలియదు. ఆ మాట వదులుకోవాలా, మూడు గంటల మధ్యలో అందరి ముందూ పరువు వదులుకోవాలా అన్నదే అతని బాధ.

శ్రమకాలం మొదటి ఆదివారం అతనికి జలుబు. పొద్దున మందుల షాపులో జలుబుకని అడిగి ఒక మాత్ర, ఒక సిరప్పు తెచ్చుకుని వేసుకున్నాడు. ఆరాధన నుంచి వచ్చాడు. పదకొండింటికి పోయాడు, రాలేదు. పన్నెండింటికి పోయాడు, బొట్టు రాలేదు. ఒంటిగంటకు మార్తా మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, బెరీన రా. పొత్తికడుపు రాయి మాదిరి అయిపోయి ఉండాది. గోడకు తల ఆనించి నిలబడినాడు. మాట్లాడేదే లేదు."

ఎదురింటి మోహన్‌కుమార్ కారు తీశాడు. కోలారు దాకా ముప్పై కిలోమీటర్లు. ఆ దారిలో ఎన్ని గతుకులున్నాయో ఆ రోజు నాకు తెలిసింది, ఎందుకంటే ఒక్కో గతుకుకూ అమృతరాజు నా చెయ్యి గట్టిగా నొక్కాడు. ఇరవై తొమ్మిదేళ్లు లివరు పట్టిన చెయ్యి.

"రేయ్ చిన్నన్నా" అన్నాడు పళ్ల మధ్య నుంచి. "పలగలేదు గదా ఇంగ?"

"ఏది?"

"సంచి. లోపల సంచి."

"పలగదురా" అన్నాను. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నావని అడగలేదు. నాకూ చెప్పే ధైర్యం లేదు.

తమక ఆసుపత్రిలో పది నిమిషాల్లో గొట్టం వేశారు. సంచిలోకి దిగుతూ దిగుతూ తొమ్మిది వందల మిల్లీలీటర్లు. నేను అమృతరాజు మొహమే చూస్తున్నాను. నుదుటి మీది ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి. కళ్ల పక్కన నీళ్లు కారాయి. చాలాసేపటికి అన్నాడు: "గని మూసినప్పుడు ఏడ్చినాను, పెండ్లప్పుడు నగినాను. ఈ రెండూ ఒకేసారి రావడం ఇదే మొదలురా."

డాక్టరు నందీశ్ వచ్చాడు. శ్రీనివాసపురం వైపు పిల్లవాడు, నలభై ఉంటాయేమో. నన్ను చూసి గుర్తుపట్టాడు. నేను అమృతరాజు వెనక నుంచి రెండు చేతులూ జోడించాను. అర్థం చేసుకుని ఊరుకున్నాడు.

"తాతా, మూత్రసంచి కింద ప్రోస్టేట్ అని ఒక గ్రంథి ఉంటుంది, మగవాళ్లకు మాత్రమే. మూత్రనాళం దాని నడిమధ్యలోంచే పోతుంది. వయసులో ఉన్నప్పుడు ఉసిరికాయంత. యాభై దాటినాక మెల్లగా పెరుగుతా పోతుంది. మీది పెద్ద నిమ్మకాయంత అయింది. లోపలికి నొక్కి దారిని ఇరుకు చేసేసింది. జలుబు మాత్రలు కొన్ని ఆ దారిని ఇంకా బిగిస్తాయి. ఈ బాధ ఉన్నవాళ్లు అడక్కుండా వేసుకోకూడదు."

అమృతరాజు పైకప్పు వైపు చూస్తూ విన్నాడు. తర్వాత నిదానంగా అన్నాడు: "అంటే కేజిది తప్పు గాదు. షాఫ్టు గోడలు లోపలికి నెట్టుకొస్తా ఉండాయి."

డాక్టరుకు అర్థం కాలేదు. నేను చెప్పాను. లోతులో రాతి ఒత్తిడికి గని బావి గోడలు ముందుకు జరిగి దారి ఇరుకైపోయేది. అప్పుడు కేజి దిగదు. డ్రైవరు ఎంత గట్టివాడైనా దిగదు. గోడలు చెక్కి దారి వెడల్పు చేయాల్సిందే.

"సరిగ్గా అంతే. మీరు బిగబట్టి ప్రాక్టీసు చేసేది ఏమీ లేదు. బిగబడితే సంచి సాగిపోతుంది, కిడ్నీలకు వెనక్కి కొడుతుంది. నీళ్లు మానేస్తే ఇంకా చెడ్డది" అన్నాడు డాక్టరు.

"ఇది... ఆ రోగమా?" అన్నాడు అమృతరాజు. ఆ పేరు పలకలేదు. వాళ్లన్న ముప్పై ఏళ్ల కింద అలాగే పోయాడు.

"ఇట్లా పెరగడం కేన్సరు కాదు తాతా. ఇది ముదిరి కేన్సరుగా మారేదీ లేదు. కానీ రెండూ ముసలితనంలోనే వస్తాయి గనక చూసుకోవాలి. పి.ఎస్.ఎ. అని రక్తపరీక్ష ఉంది, ఈ గొడవ మీద ఇప్పుడే చేస్తే ఊరికే ఎక్కువ చూపిస్తుంది. ముందు వేలితో చూస్తాను."

ఆ పరీక్ష వెనక దారి నుంచి. నన్ను బయటికి పంపారు. తర్వాత లోపలికి పోతే అమృతరాజు దుప్పటి గడ్డం దాకా లాక్కుని ఉన్నాడు.

"షిఫ్టు దిగినాక దొంగబంగారానికి గేటు దగ్గర మనల్ని తడిమి చూస్తా ఉండ్రి గదా" అన్నాడు. "ఏ వాచ్‌మనూ ఇంత లోతుకు రాలేదురా."

గ్రంథి నున్నగా ఉందని, గట్టి గడ్డలేమీ తగల్లేదని డాక్టరు చెప్పాడు. స్కానింగులో కిడ్నీలు కొంచెం ఉబ్బి ఉన్నాయి, చెడిపోలేదు. దారి కండరాన్ని వదులు చేసే మాత్ర రాసి, గొట్టంతోనే ఇంటికి పంపి, ఐదు రోజులకు రమ్మన్నాడు. చాలామందికి ఈ మాత్రతోనే సరిపోతుందట. లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి గనక నిదానంగా లేవాలి. గ్రంథిని మెల్లగా కుదించే మాత్ర ఇంకొకటి ఉంది కానీ దానికి ఆరు నెలలు పడుతుంది.

ఐదు రోజులకు గొట్టం తీశారు. రెండు లోటాలు నీళ్లు తాగి కూర్చున్నాం. సాయంత్రానికి మళ్లీ రాయి. మళ్లీ గొట్టం. "ఇంగ ఆపరేషనే మంచిది తాతా" అన్నాడు నందీశ్.

"నేను ఒప్పుకోను" అన్నాడు అమృతరాజు. అంతే, ఇంటికి తీసుకొచ్చేశాం.

*

మరునాడు పొద్దున పదింటికి వాళ్లింటికి పోయాను. అమృతరాజు వసారాలో కూర్చుని ఉన్నాడు. మూత్రం సంచిని ఒక గుడ్డ సంచిలో పెట్టుకున్నాడు. ఆవని పెళ్లిలో ఇచ్చిన తాంబూలం సంచి అది. దాని మీద నంజుండప్ప మనవడి పేరు, పెళ్లికూతురి పేరు, మధ్యలో రెండు పావురాలు.

"పాస్టరుకు చెప్పి పంపినాను, నా మాట ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని" అన్నాడు. "చర్చికి గూడా రాను. పావురాల సంచి తగిలించుకుని యాడ కూసోవాలి?"

మార్తా గుమ్మంలో నిలబడి చెంగుతో మొహం తుడుచుకుంది. "చెప్పన్నా నువ్వైనా. వాళ్లన్న కత్తి కిందికి పోయి తిరిగి రాలేదంటాడు. ఆయప్పకు వచ్చింది వేరే రోగం, అదీ ఆ కాలంలో. చెప్తే వినడు. జీవితాంతం గొట్టంతో ఉంటాడంట!"

"ఉంటాను. నీకేం?"

"కడిగేది నేను గదా!"

నేను జేబులోంచి మడిచిన కాగితాలు తీసి అతని ఒళ్లో పెట్టాను. ఆ పొద్దున సలోమి వాటిని ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసి, నా కళ్లలోకి చూస్తూ నా చేతికిచ్చింది. రెండేళ్లనుంచి ఆమె మాట్లాడకుండా ఉన్నదంతా ఆ చూపులో ఉంది.

అమృతరాజు కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. పేరు చదివాడు. వయసు చదివాడు. తేదీలు చదివి ఆగాడు.

"ఇది చిరుత వచ్చిన వారం గదరా."

"చిరుత రాలేదు."

"మంచె?"

"మంచె గూడా లేదు. మామిడిపండు మాత్రం సలోమి తెచ్చింది, ఆసుపత్రికి."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఆవని బస్సులో నువ్వు నా పక్కనే కూసోని ఉంటివి. చూసినావు. నీకు తెలుసు. తెలిసి ఆ కండక్టరుతో కలిసి నగినావు."

"అవును."

"చర్చిలో బిషప్పు జాబు గూడా నీదే గదా."

"నాదే."

ఆ క్షణాన నాకొక్క కథా తోచలేదు. డెబ్బై నాలుగేళ్లలో అలా జరగడం అదే మొదటిసారి. "సిగ్గుపడినానురా" అన్నాను. "మా కాన్వెంటులో సిస్టరు ఉండేది. ఒంటికి పోవాలంటే చిటికెన వేలెత్తి నిలబడాలి, ఆమె చూసేదాకా. క్లాసంతా నగేది. ఒకరోజు ఎత్తకుండానే కూసున్నాను, నిక్కరు తడిసింది. అప్పట్నుంచీ ఎత్తింది లేదు. నేను ఎత్తి ఉంటే నీకు రెండేండ్లు మిగిలేవి. మాత్రతోనే పోయేదేమో నీది."

అమృతరాజు కాగితాలు మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు.

"నొప్పి?" అన్నాడు చివరికి.

"నడుములో సూది వేస్తారు. నడుము కింద తెలీదు. బయట కత్తి గాటు ఉండదు. ఒంటికి పోయే దారిలోంచే సన్నటి గొట్టం పంపి, అడ్డం పెరిగిందాన్ని లోపల చెక్కులు చెక్కులుగా తీస్తారు."

"గోడలు చెక్కేది."

"అదే. తర్వాత రెండు మూడు రోజులు గొట్టం. మూత్రం పుచ్చకాయ రసం మాదిరి ఎర్రగా వస్తుంది, బెదరకూడదు. రెండు వారాలు మంట. కొన్నాళ్లు తొందరగా పరుగెత్తిస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. నెల పైన బిందె ఎత్తకూడదు."

"ఎప్పుడెత్తినాడు బిందె?" అంది మార్తా.

అమృతరాజు ఆమె వైపు చూసి, గొంతు తగ్గించి నన్నడిగాడు: "మరి... ఆ సంగతి?"

"బీజం బయటికి రాకుండా వెనక్కి, మూత్రసంచిలోకి పోతుందంట చానామందికి. దానితో హాని లేదంట. మిగతాదంతా ఎప్పటి మాదిరే ఉంటుందన్నాడు డాక్టరు."

"డెబ్బై మూడేండ్లప్పా ఆయనకు!" అంది మార్తా, కానీ గుమ్మంలోంచి కదల్లేదు. జవాబు పూర్తిగా విన్నాకే లోపలికి పోయింది. పోతూ పోతూ అంది: "చిరుతకు చేసిన డాక్టరే మీకూ చేస్తాడు. లేచి చొక్కా తొడుక్కోండి."

అప్పుడు నవ్వాడు అమృతరాజు. పావురాల సంచి ఊగేలా నవ్వాడు. నవ్వుతూనే నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ దెబ్బలో సగం నిజమైన కోపమే.

*

ఆపరేషన్ గంటలోపల అయిపోయింది. నడుము కింద తెలియదు గానీ మెలకువగానే ఉన్నాడు. మొదలుపెట్టే ముందు మంచం కమ్మీ మీద వేలితో మూడుసార్లు కొట్టాడట. "ఏంది తాతా?" అని డాక్టరు అడిగితే, "మనుషులు ఎక్కినారని సార్. ఇంగ మీరు దించొచ్చు" అన్నాడట. ఇది నేను కల్పించింది కాదు, నర్సు చెప్పింది.

మొదటి రోజు సంచి ఎర్రగా, రెండో రోజు గులాబీ రంగుగా, మూడో రోజు తేటగా వచ్చింది. గొట్టం తీశారు. మార్తా, నేను బాత్రూము తలుపు బయట నిలబడ్డాం, కాన్పు గది బయట నిలబడినట్టు. మొదట ఏమీ లేదు. తర్వాత శబ్దం వచ్చింది. సన్నగా కాదు, ఆగి ఆగి కాదు. వర్షాకాలంలో గని వ్యర్థం పోసిన సైనైడు దిబ్బల మీంచి నీళ్లు దిగినట్టు. మార్తా నా భుజం పట్టుకుని ఏడ్చింది. లోపల నుంచి అమృతరాజు అరిచాడు: "ఇనపడతా ఉందా?"

"రాబర్ట్‌సన్‌పేట దాకా!" అన్నాను నేను.

చెక్కి తీసిన ముక్కల్ని పరీక్షకు పంపారు. పది రోజులకు కాగితం వచ్చింది. నందీశ్ దాన్ని రెండుసార్లు చదివి, "కేన్సరు ఏమీ లేదు తాతా. వయసుతో పెరిగింది, అంతే" అన్నాడు. అమృతరాజు ఆ కాగితాన్ని లోపలి జేబులో పెట్టుకుని, దారిలో టీ అంగడి దగ్గర కారు ఆపించి, పెద్ద చెంబుతో నీళ్లడిగి నిలబడి తాగాడు.

*

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆపరేషనై నెల నిండింది. ఐదో మాటను పాస్టరుగారు ఎవరికీ ఇవ్వలేదు. అమృతరాజు తెల్లచొక్కా వేసుకుని మార్తాతో వచ్చి, చెప్పులు విడిచి, ఆఖరి బెంచీ దాటి, మధ్య దారిలో నడిచి రెండో బెంచీలో కూర్చున్నాడు. బెంచీల్లో గుసగుస చివరిదాకా పాకింది.

నాలుగు మాటలయ్యాయి. ఒంటిగంటన్నర దాటింది. ఐదో మాటకు లేచి ముందుకు పోయాడు. బల్ల మీద గ్లాసుతో నీళ్లున్నాయి. ఎవరూ ముట్టుకోలేదు, అంత ఎండలోనూ. అమృతరాజు గ్లాసెత్తి సగం తాగి పెట్టాడు.

"దాహం గురించి నాకేం తెలుసని పాస్టరుగారు నాకిచ్చినారో తెలీదు. కానీ నాకు తెలుసు" అన్నాడు. "రెండేండ్లు నీళ్లు తాగలేదు నేను. పాపానికి గాదు, ఉపవాసానికి గాదు. సిగ్గుకు. మూత్రం రాక. పదిమందికి కనపడకుండా తలుపు పక్కన కూసున్నాను. దేవుని కుమారుడు అంత బాధలో, అంతమంది ముందర, నాకిది కావాల అని నోరు తెరిచి అడిగినాడు. ఆయనకు లేని సిగ్గు నాకేంటికి?"

ఇంకా మాట్లాడాడు. గొప్ప ప్రసంగమేమీ కాదు. మధ్యలో రెండుసార్లు తడబడ్డాడు. ప్రోస్టేట్ అన్న మాట మా చర్చి గోడలు మొదటిసారి విన్నాయి. ఆడవాళ్ల వైపు ఎవరో దగ్గారు.

ఆరో మాట నడుస్తుండగా రెండో బెంచీలో అతను వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. కుడి చెయ్యి పైకెత్తాడు. చిటికెన వేలు. అందరికీ కనబడేట్టు. లేచి, మధ్య దారిలో తొందరపడకుండా నడిచి బయటికి పోయాడు. ఐదు నిమిషాలకు అదే దారిలో వచ్చి తన చోట కూర్చున్నాడు.

ఏడో మాట మొదలయ్యేలోపల మగవాళ్ల వైపు ఇంకో మూడు చిటికెన వేళ్లు లేచాయి. మూడోది నాది.

ఆరాధన ముగిశాక నేను గోడ నీడలో నిలబడితే ఒకాయన వచ్చాడు. "చిన్నన్నా, నాకు గాదు, మా బావమరిదికి..." అన్నాడు. డాక్టరు పేరు చెప్పాను. ఇంకొకాయన వచ్చాడు. ఆయనకూ బావమరిదే. మా సంఘంలో ఇంతమందికి బావమరుదులున్నారని నాకు తెలియదు.

చివరికి పిల్లమ్మ వచ్చింది. గొడుగు విప్పలేదు, ఎండలోనే నిలబడింది. ఆమె పెనిమిటి చర్చికి వచ్చి ఆరు నెలలైంది. మోకాళ్ల నొప్పులని ఆమె అందరికీ చెబుతూ ఉండేది.

"మోకాళ్లు గాదప్పా" అంది. "అడిగితే కసురుకుంటాడు. నేను చెప్తే వినేది లేదు. ఆ చిరుత కథంటే ఆయనకు శానా ఇష్టం. రేపొకసారి వచ్చి చెప్తావా?"

నేను అమృతరాజు వైపు చూశాను. చెప్పులు తొడుక్కుంటూ అంతా వింటున్నాడు.

"పొద్దున తొమ్మిదింటికి వస్తామక్కా" అన్నాడు. "వీడు చిరుతను చెప్తాడు. మంచె దిగినాక ఆసుపత్రి సంగతి నేను చెప్తాను."